మధ్య అర

కిందటి వారం మనం ప్రొఫెసరమ్మను ప్యాకింగ్ గదిలో, చేతిలో చీటీల కట్టతో వదిలేసి వచ్చాం. కొత్తగా చేరినవాళ్ళకీ, మధ్యలో వారం ఎగ్గొట్టినవాళ్ళకీ నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

కరెంటు స్తంభాల మీద బోర్లించిన గిన్నెల్లా తెల్లగా కనిపిస్తాయే, తీగ స్తంభానికి తగలకుండా పట్టుకునే పింగాణీ ఇన్సులేటర్లు, అవి కాలేది ఈ ఫ్యాక్టరీ బట్టీలో. వాటి గట్టిదనం తేలేది ప్రొఫెసరమ్మ పనిచేసే యూనివర్సిటీ ల్యాబులో. రెండింటికీ మధ్య పదకొండు గంటల రైలు ప్రయాణం. ఒప్పందం ప్రకారం శనివారం బట్టీ తెరవగానే పై అర నుంచి నాలుగు, మధ్య అర నుంచి నాలుగు, కింది అర నుంచి నాలుగు ముక్కలు తీసి, ఏది ఏ అరదో చీటీ కట్టి, గడ్డి పొదిగిన చెక్కపెట్టెలో పార్సిలు చేస్తారు. బుధవారానికి రిపోర్టు వస్తుంది. బాగున్నాయని వస్తేనే ఆ వారం సరుకు గేటు దాటుతుంది. బట్టీ ఇన్‌ఛార్జి ప్రొఫెసరమ్మకు సొంత అన్నయ్య. చీటీలు రాసి పెట్టె కట్టించేది వదిన.

పోయిన నెల ఒక స్తంభం మీద ఆ ఇన్సులేటరు పగిలి తీగ జారింది. పైన పనిచేస్తున్న లైన్‌మ్యాన్ కుడిచెయ్యి కాలిపోతే మోచేతి దాకా తీసేశారు. ఆ వారం సరుకు బాగుందని రిపోర్టు ఇచ్చింది ప్రొఫెసరమ్మే. ఫ్యాక్టరీ డైరెక్టరు రమ్మంటే రైలెక్కి వచ్చింది. వదిన మంచినీళ్ళ కోసం వెళ్ళిన సందులో బల్ల మీద చీటీల కట్ట చూసింది. 'కింది అర, తలుపు పక్క, పగుళ్ళు లేవు' అని వదిన గుండ్రటి చేతిరాత. తేదీ చూస్తే రాబోయే శనివారంది. ఆ ముక్కలు ఇంకా బట్టీ ముఖం కూడా చూడలేదు.

ఇక చదవండి.

మొదట ఆవిడకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అబద్ధం రాసినందుకు కూడా కాదు, ఆ అబద్ధం తన దగ్గర చెల్లినందుకు.

చెల్లడమంటే అలా ఇలా చెల్లలేదు. వారం వారం వచ్చిన ఆ పన్నెండు ముక్కల మీద ఆవిడ పదకొండు వ్యాసాలు రాసింది. బట్టీల్లో కింది అర ఎప్పుడూ సరిగ్గా కాలదు, తలుపు సందుల్లోంచి చల్లగాలి దూరి పచ్చిగా మిగిలిపోతుంది. అది లోకమంతా ఎరిగిన రోగం. ఈ బట్టీలో మాత్రం కింది అర కూడా మధ్య అరతో సమానంగా కాలుతోందని ఆవిడ సభల్లో తెర మీద గీతలు వేసి మరీ చూపించింది. చప్పట్లు కొట్టించుకుంది. వచ్చే నెల డిపార్టుమెంటులో పెద్ద కుర్చీ ఖాళీ అవుతోంది, అది ఆవిడదేనని అటెండరు దగ్గర్నుంచి అందరూ అనుకుంటున్నారు. అంత గొప్ప బట్టీని ఆవిడ కళ్ళారా చూసింది ఒక్కసారి, ఒప్పందం రోజున ఫొటో కోసం. ఆ తర్వాత ప్రతి బుధవారం అన్నయ్య ఫోను పట్టుకుని బట్టీ ముందు నిలబడేవాడు. తెర మీద ఎర్రటి వెలుగూ, అన్నయ్య చెవీ కనిపించేవి. ఆవిడ వాటితోనే తృప్తిపడింది.

వదిన నీళ్ళగ్లాసుతో వచ్చింది. చీటీలు చూసింది, ఆడపడుచు ముఖం చూసింది. గ్లాసు బల్ల మీద పెట్టింది.

"చూశావన్నమాట," అంది.

"ఇవి ఎప్పుడు రాశావు వదినా?"

"నిన్న. నెలకు సరిపడా ఒకేసారి రాసి పెట్టుకుంటాను. శనివారం చేతులు ఖాళీ ఉండవు."

"పుట్టని బిడ్డకి జాతకం రాసినట్టు, కాలని ముక్కకి పగుళ్ళు లేవని రాశావా?"

"రాశాను. ముందు కూర్చో, నీళ్ళు తాగు. ఆ గదిలోకి వెళ్ళకముందే నీతో రెండు నిమిషాలు మాట్లాడాలి."

"రెండు నిమిషాలు కాదు కదా, రెండు మాటలు కూడా వద్దు. నాలుగేళ్ళు నన్ను వెర్రిదాన్ని చేశారు మొగుడూ పెళ్ళాలు. ఇంకేం మిగిలిందని మాట్లాడతావు?"

"మిగిలింది కాబట్టే అడుగుతున్నా. నా మాట వినవే."

"ఈ గదిలో నా మాట చాలు."

ఆడపడుచు అర్ధమొగుడు అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ రెండు నిమిషాలూ ఇచ్చి ఉంటే ఈ వారం కథ ఇంకోలా నడిచేది. ఇవ్వలేదు. గుమ్మంలో ఆఫీసు మనిషి వచ్చి "సారు పిలుస్తున్నారు మేడమ్" అనగానే, చీటీల కట్ట బ్యాగులో కుక్కుకుని వెళ్ళిపోయింది. నీళ్ళగ్లాసు అక్కడే ఉండిపోయింది.

డైరెక్టరు గది మేడ మీద. కిటికీలోంచి బట్టీ గొట్టం, గేటూ, గేటవతల రోడ్డూ కనిపిస్తాయి. డైరెక్టరు గొంతు పెంచి ఎరగడు. ఎవరికైనా ముప్పు తెచ్చే మాట చెప్పబోయే ముందు కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. అందుకే ఫ్యాక్టరీలో ఆయన కళ్ళజోడు తీస్తే కార్మికులు గుమ్మం వైపు చూస్తారు. ఆయన పక్క కుర్చీలో ఇంకొకడు కూర్చుని ఉన్నాడు. వాణ్ణి చూడగానే ప్రొఫెసరమ్మ కాళ్ళు గుమ్మంలోనే ఆగాయి.

వాడు చిలక. ఆ పేరు పెట్టింది ఆవిడే. ఒకప్పుడు ఆవిడ దగ్గర పరిశోధన చేసేవాడు. "చెప్పింది చెప్పడమే గానీ నీకు సొంత బుర్ర లేదురా చిలకా" అని నలుగురి ముందూ అని, మూడో ఏడు ల్యాబులోంచి గెంటేసింది. ఇప్పుడు వాడు ఈ ఫ్యాక్టరీకి ఎదురుగా, రోడ్డవతల టైర్ల కొట్టు పైన, సొంతంగా పరీక్షల గది పెట్టుకున్నాడు.

"రండి మేడమ్," అన్నాడు డైరెక్టరు. "నాలుగేళ్ళలో ఇది రెండోసారి అనుకుంటాను మీరు రావడం?"

"మేడమ్‌కి క్లాసులు కదండీ," అన్నాడు చిలక ఎంతో మర్యాదగా. "పైగా మేడమ్ యంత్రం, నా యంత్రం ఒకే కంపెనీవి. తేడా ఏమీ లేదు. నేనైతే చెప్పులేసుకుని నాలుగు నిమిషాల్లో వస్తాను, మేడమ్ రైలెక్కాలి. అంతే."

ఆవిడ ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది. బల్ల మీద పాత తువ్వాలు పరిచి ఉంది. దాని మీద పగిలిన ఇన్సులేటరు. అంచున నల్లగా మాడిన మచ్చ. అది ఏ మంటదో అడగనక్కర్లేదు.

"ఆ వారం ముక్క మిగిలింది తెమ్మన్నాను," అన్నాడు డైరెక్టరు.

ఆవిడ బ్యాగులోంచి తీసి ఇచ్చింది. ల్యాబు యంత్రంలో విరగ్గొట్టిన ముక్క. దానికి చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది, 'కింది అర, తలుపు పక్క' అని. చిలక రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. జేబులోంచి చిన్న సీసా తీశాడు. ఎర్రసిరా. స్తంభం మీద పగిలినదాని మీద ఒక చుక్క వేశాడు. చుక్క నిలవలేదు, చూస్తుండగానే లోపలికి ఇంకి చుట్టూ పాకింది. ల్యాబు ముక్క మీద ఇంకో చుక్క వేశాడు. అది గుండ్రంగా నిలబడింది. దూదితో తుడిస్తే ముక్క మళ్ళీ తెల్లగా మెరిసింది.

"బాగా కాలిన పింగాణీ సిరా తాగదు," అన్నాడు చిలక. "పచ్చిగా మిగిలింది తాగుతుంది. వాననీళ్ళూ తాగుతుంది. తాగి తాగి ఒకనాటికి పగులుతుంది. ఇది నాకు నేర్పింది మీరే మేడమ్. చిలకను కదా, అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది."

పుండు మీద కారం చల్లడం అంటే ఇదే. వాడు ఆ కారం ఆరేళ్ళుగా దాచుకున్నాడు.

"రెండూ ఒకే వారం, ఒకే బట్టీ," అన్నాడు డైరెక్టరు. "ఒకటి తాగుతుంది, ఒకటి తాగదు. మరి మీరు ఇన్నాళ్ళూ పరీక్షించింది దేన్ని మేడమ్?"

ఆవిడ అప్పుడు చీటీల కట్ట తీసి బల్ల మీద పడేసింది. రాబోయే శనివారం తేదీని వేలితో చూపించింది. డైరెక్టరు ఒక్కో చీటీ తిరగేశాడు. ఆశ్చర్యపడలేదు. కళ్ళజోడు తీశాడు.

"పోలీసులు రెండుసార్లు వచ్చి వెళ్ళారు. మూడోసారి వచ్చేసరికి ఒక పేరు ఇవ్వాలి. ఇవ్వకపోతే మనందరి పేర్లూ రాసుకుంటారు. తప్పు రెండు చోట్ల ఎక్కడో ఒకచోటే ఉండాలి. రిపోర్టన్నా తప్పు, ముక్కలన్నా తప్పు." సొరుగులోంచి రెండు ఫైళ్ళు తీసి ఆవిడ ముందు పెట్టాడు. "రెండూ టైపు చేయించి ఉంచాను. మీరు చదువుకున్నవారు. ఏది నిజమైతే దాని మీద సంతకం పెట్టండి."

మొదటి ఫైల్లో ల్యాబు నిర్లక్ష్యం అని ఉంది, కింద ఆవిడ హోదాతో సహా పేరు. రెండో ఫైల్లో బట్టీ ఇన్‌ఛార్జి కావాలనే ముక్కలు మార్చి పంపాడని ఉంది, కింద అన్నయ్య పేరు. రెండూ అచ్చుతప్పుల్లేకుండా నీటుగా ఉన్నాయి.

"అన్నయ్యకు ఏమవుతుంది?"

"చెయ్యి పోయినవాడికి ఏమైందో చూశారు కదా. ఇంకొకరికి ఏదో ఒకటి కావాలి." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "నాలుగేళ్ళ కిందట, ఈ ఊళ్ళో కాలేజీ ఉండగా అంత దూరం ఎందుకయ్యా అన్నాను. ఆయనే వినలేదు. మా చెల్లెలు చూస్తే తిరుగుండదు సార్ అన్నారు. దూరపు కొండలు నునుపు కదా, నేనూ నమ్మాను."

ఇరవయ్యారేళ్ళుగా ఆ బట్టీ దగ్గర నిలబడ్డ మనిషి. కనుబొమల వెంట్రుకలు కాలిపోయి మళ్ళీ మొలవని మనిషి. చెల్లెలి పేరు పేపర్లో పడితే కత్తిరించి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని షిఫ్టులో అందరికీ చూపించిన మనిషి. ఇవన్నీ ఆవిడకు గుర్తొచ్చాయి. రాలేదని అంటే అబద్ధం. గుర్తొచ్చినా, అసలు రాసింది వదిన కదా, అన్నయ్య పేరు చెబితే వదినన్నా బయటపడుతుంది, పిల్లలకు ఒకరైనా మిగులుతారు అని తనకు తానే ఒక నీతి చెప్పుకుంది. మనసు పెద్ద వకీలు. ఎవరి కేసైనా వాదిస్తుంది.

పెన్ను తీసింది. ప్రొఫెసరు అయిన రోజు నుంచీ ఆవిడ ఆకుపచ్చ సిరా తప్ప వాడదు, మార్కుల లిస్టు నుంచి పాలవాడి చీటీ దాకా అదే. రెండో ఫైలు మీద, టైపు చేసిన నల్లటి వరసల కింద, ఆ ఆకుపచ్చ సంతకం పడింది.

"థాంక్యూ మేడమ్," అన్నాడు డైరెక్టరు. "ఆయన్ని పిలిపిస్తాను. ఆయన కూడా ఒప్పుకుని సంతకం పెట్టాక మీరు వెళ్దురు గాని. అందాకా కింద కూర్చోండి."

వదిన మెట్ల కింద నిలబడి ఉంది. ఆవిడ దిగుతుంటే ముఖం చూడలేదు, చేతివేళ్ళు చూసింది. చూపుడువేలికి ఆకుపచ్చ మరక అంటింది.

"పెట్టేశావా?" అంది.

"నిజం మీదే పెట్టాను."

"ఎవరి పేరు మీద?"

ప్రొఫెసరమ్మ ఆ వేలు పిడికిట్లో దాచుకుంది. వదిన ఆవిడ మోచెయ్యి పట్టుకుని ప్యాకింగ్ గదిలోకి నడిపించి తలుపు వేసింది. నీళ్ళగ్లాసు అలాగే ఉంది. వదిన సొరుగు తీసి ఒక కాగితం బల్ల మీద పెట్టింది. తెల్లటి కాగితం, మడత నలగలేదు.

"చదువు. కళ్ళజోడు పెట్టుకుని చదువు."

యూనివర్సిటీ ముద్ర ఉన్న కాగితం. మూడేళ్ళ కిందటి తేదీ. రాత తనదే. ఖాళీ అయిన పెట్టె ప్రతివారం ల్యాబు నుంచి తిరిగి వచ్చేటప్పుడు అందులో ఇలాంటి కాగితాలు పెట్టి పంపేవాళ్ళు. నాలుగే వాక్యాలు ఉన్నాయి.

'అన్నయ్యా, ఈసారి కూడా పన్నెండింటిలో అయిదు దారిలోనే పగిలాయి. రైలువాళ్ళు విసిరేస్తే పగిలినవాటికి నేను లెక్క కట్టలేను. నా పట్టికలన్నీ పాడవుతున్నాయి. ఇక మీదట దారికి తట్టుకునేవే ఏరి పంపు.'

దాని కింద ఇంకో రాత, అన్నయ్యది. బడిపిల్లాడి రాతలా పెద్దపెద్ద అక్షరాలు.

'అట్లా ఏరితే అన్నీ మధ్య అరవే వస్తాయమ్మా చిన్నీ. కింది అరవి పచ్చివి, అవి దారికి ఆగవు. ఫరవాలేదా? నువ్వు సరే అంటేనే పంపుతా.'

దాని కింద ఒక్క మాట. 'సరే.' పక్కన తన పొట్టి సంతకం.

ప్రొఫెసరమ్మ కూర్చుంది. గ్లాసు ఎత్తి నీళ్ళు మొత్తం తాగేసింది.

"నాకు గుర్తు లేదు వదినా. ఒట్టు, నాకు గుర్తు లేదు. రోజుకు యాభై కాగితాల మీద పెడతాను..."

"తెలుసు. చదవకుండానే పెట్టి ఉంటావు. మీ అన్నయ్య మాత్రం ఆ పెట్టె ఎప్పుడు తిరిగొస్తుందా అని నాలుగు రోజులు స్టేషను చుట్టూ తిరిగాడు. ఆ 'సరే' చూసి, మా చెల్లెలికి అంతా తెలుసు, దానికేదో లెక్క ఉండే ఉంటుంది అన్నాడు."

"మరి చీటీల మీద కింది అర అని ఎందుకు రాశావు?"

"మొదటి నెల ఖాళీ వదిలాను. మీ ల్యాబు నుంచి ఫారం తిప్పి పంపారు, గడులన్నీ నింపకపోతే తీసుకోం అని. నింపాను." వదిన నవ్వింది. ఆ నవ్వులో తేమ లేదు. "రైలువాళ్ళు విసిరేశారని రాశావు కదా. ఆ రైల్లోనే మధ్య అరవి కూడా వచ్చాయి, అవెందుకు పగల్లేదో ఒక్కసారి అడిగావా? నీ యంత్రం కన్నా ముందు ఆ దారే వాటికి పరీక్ష పెట్టింది. ఫెయిలైనవాటిని ఫెయిలని చెప్పింది. నువ్వు దాన్ని కొట్టేయించావు. ఒక్కసారి, ఒక్క శనివారం, బట్టీ తెరిచేటప్పుడు వచ్చి నిలబడి ఉంటే గుడ్డివాడికి కూడా తెలిసేది."

ప్రొఫెసరమ్మ చేతి గడియారం చూసుకుంది. పైన సంతకం పెట్టి ఇంకా అరగంట కాలేదు.

"ఇది ఎవరికైనా చూపించావా?"

ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న అది. అన్నయ్య ఎక్కడున్నాడని కాదు, ఇప్పుడేం చేద్దామని కాదు. వదిన ఆ ప్రశ్న విని ఆడపడుచు కళ్ళలోకి చూసింది.

"లేదు. ఉన్నది ఇదొక్కటే. మీ అన్నయ్య చింపెయ్యమన్నాడు. దాని కుర్చీ పోతుంది, నాదేముంది, పోతే ఈ మసి ఉద్యోగమే కదా అన్నాడు. నాకు చేతులు రాలేదు. నీది, నువ్వే తీసుకో. పైకి వెళ్ళి వాళ్ళకు చూపిస్తావో, ఇక్కడే చింపుతావో నీ ఇష్టం. రెండింటికీ నీ దగ్గర చేతులున్నాయి. ఆ లైన్‌మ్యాన్‌కి ఒకటే మిగిలింది."

ప్రొఫెసరమ్మ చింపలేదు. అంత ధైర్యం లేదు. చూపిస్తాననీ అనలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బ్యాగులో లోపలి అరలో పెట్టి, జిప్పు లాగింది. సరిగ్గా అప్పుడే మళ్ళీ ఆఫీసు మనిషి తలుపు తట్టాడు.

అన్నయ్య డైరెక్టరు గదిలో నిలబడే ఉన్నాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, బట్టలకు మట్టి ఉందట. చెల్లెల్ని చూడగానే ముఖం విప్పారింది.

"ఎప్పుడొచ్చావు చిన్నీ? బండి ఆలస్యమా? ఏమన్నా తిన్నావా?"

ఆవిడ తల ఊపింది. ఏ ప్రశ్నకో ఆవిడకే తెలియదు.

డైరెక్టరు రెండో ఫైలు తెరిచి పెట్టాడు. "మేడమ్ సంతకం చేశారు. మీరు కూడా ఒప్పుకుంటే పని తేలిపోతుంది."

అన్నయ్య ఫైలు మొత్తం చదివాడు. పెదవులు కదుపుతూ, వేలు వరస కింద పెట్టుకుని నెమ్మదిగా చదివాడు. చెల్లెలి సంతకం దగ్గర వేలు ఆగింది. మట్టి అంటుతుందని వెంటనే తీసేశాడు.

"పెడతాను సార్," అన్నాడు. "నాకొక్కటే కోరిక. కాగితం మీద ఎవరేం రాసినా నాకు అర్థం కాదు. మా చెల్లెలు నా ఎదురుగా నిలబడి, నోటితో అనాలి. తప్పు నాదేనని ఒక్కసారి అంటే చాలు. మారు మాట్లాడకుండా పెడతాను."

చిలక కుర్చీలో ముందుకు జరిగాడు. డైరెక్టరు కళ్ళజోడు తీశాడు.

"అనండి మేడమ్."

పదకొండు గంటల దూరంలో ఉంటే ఆవిడ ఎన్ని మాటలైనా అనగలదు. నాలుగేళ్ళుగా అన్నది. ఇప్పుడు మధ్యలో ఉన్నది ఒక బల్ల. అన్నయ్య చొక్కా నుంచి కాలిన మట్టి వాసన వస్తోంది. బ్యాగు ఒళ్ళో ఉంది. జిప్పు మీద ఆవిడ బొటనవేలు ఉంది. వచ్చే నెల ఖాళీ అయ్యే కుర్చీ, పదకొండు వ్యాసాలు, ఎదురుగా పళ్ళు బయటపెట్టడానికి సిద్ధంగా ఉన్న చిలక. ఆవిడ బొటనవేలు జిప్పు మీద నుంచి తీసేసింది.

"నువ్వే చేశావు అన్నయ్యా," అంది. అంతటితో ఆపినా కొంత బాగుండేది. "నాకు తెలియకుండా చేశావు."

అన్నయ్య తల పక్కకు వాల్చి విన్నాడు, బట్టీ శబ్దం విని వేడి ఎంతుందో చెప్పే మనిషి విన్నట్టు. కాసేపటికి నవ్వాడు.

"అంతేనమ్మా," అన్నాడు. "దానికి తెలియదు సార్. పాపం, మర్చిపోయి ఉంటుంది... అదే, తెలియదు." చేతులు ప్యాంటుకు తుడుచుకుని, చిలక ఇచ్చిన పెన్నుతో సంతకం పెట్టాడు. అక్షరాలు ఒంకర పోకుండా జాగ్రత్తగా పెట్టాడు.

"అయిపోయిందా సార్?"

ఆ అడిగింది అన్నయ్య కాదు. గుమ్మంలో వదిన. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటి నుంచి ఉందో ఎవరూ చూడలేదు.

"అయిపోయిందమ్మా," అన్నాడు డైరెక్టరు.

"అయితే ఇంకో కాగితం మిగిలింది."

వదిన చేతిలోని పాత కళ్ళజోడు డబ్బా తెరిచింది. అందులోంచి పసుపుబారిన కాగితం ఒకటి తీసి, మడతల దగ్గర చిరగకుండా విప్పింది. మడతల్లోంచి గడ్డిపరక ఒకటి బల్ల మీద రాలింది. ఒక మూల మట్టి అంటిన బొటనవేలి ముద్ర. మధ్యలో పెన్సిలు రాత, సగం చెరిగిపోయింది. దాని కింద ఒక్క మాట, ఒక పొట్టి సంతకం, మూడేళ్ళయినా వెలవని ఆకుపచ్చలో.

ప్రొఫెసరమ్మ నోరు తెరిచింది. ఇందాక తన చేతికి వచ్చిన కాగితం మీద ఆ 'సరే' నల్లగా ఉందని అప్పటికి గానీ ఆవిడకు తట్టలేదు.

"నీకిచ్చింది జిరాక్సు," అంది వదిన. "మెట్లెక్కి వచ్చి చూపిస్తావని ఇచ్చాను. చూపించి ఉంటే ఈ డబ్బా తెరిచేదాన్ని కాదు. ఒట్టు."

డైరెక్టరు చెయ్యి చాచేలోగా అన్నయ్య చెయ్యి ఆ కాగితం మీద పడింది. ఒక్క క్షణం అందరూ ఆయన దాన్ని నలిపేస్తాడనే అనుకున్నారు. నలపలేదు. అందులో ఉన్న సంగతి ఆయనకు తెలిసిందే, మూడేళ్ళ కిందట నాలుగు రోజులు ఎదురుచూసి చదువుకున్నదే. ఆయన కాగితాన్ని చూడటం లేదు. పెళ్ళాం ఇందాక అన్న మాట ఆయన చెవిలో ఇప్పుడిప్పుడే దిగుతోంది.

"జిరాక్సు ఎవరికిచ్చావు?" అన్నాడు.

వదిన చూపుతోనే చూపించింది.

అన్నయ్య చెల్లెలి వైపు తిరిగాడు. ఆ ముఖంలో కోపం ఉంటే ఆవిడ తట్టుకునేదే. కోపం లేదు. ఇందాక బండి ఆలస్యమా అని అడిగిన వెలుగు మాత్రం లేదు.

"చిన్నీ, నాతో ఆ మాట అనేటప్పటికి నీకు ఇది గుర్తొచ్చేసిందా?"

ఆవిడ రెండు చేతులూ బ్యాగును కడుపుకు అదుముకున్నాయి.

అన్నయ్య మట్టి చెయ్యి చాచాడు.

"ఆ బ్యాగు ఇలా ఇవ్వమ్మా."